పోయినవాడి చొక్కా

కొత్త చొక్కాను పాత చొక్కాగా చూపించడానికి మా వృత్తిలో సగం ఆయుష్షు పోతుంది. టీ నీళ్లలో నానబెడతాం, గరుకు కాగితంతో మోచేతుల దగ్గర రుద్దుతాం, బండకేసి బాదుతాం. ఇంత చేసినా లైటు పడగానే అది నిన్నమొన్న కుట్టించిన చొక్కాయేనని ముందు వరసలో కూర్చున్న చిన్నపిల్లకు కూడా తెలిసిపోతుంది. అందుకే నేను ఆ తంటాలు మానేసి, మనుషుల ఒంటిమీది బట్టలే అడిగి తెచ్చుకోవడం అలవాటు చేసుకున్నాను. కొత్తది ఇచ్చి పాతది తీసుకునేదాన్ని. రంగస్థల శాఖల్లో చదువుకునే పిల్లలు ఇప్పటికీ నన్ను పిలిచి, "మీ పరిశోధన పద్ధతి గురించి చెప్పండి మేడం" అంటుంటారు. పద్ధతి గురించి గంటల తరబడి చెబుతాను. ఆ పద్ధతి ఒకసారి తెచ్చిపెట్టిన సంగతి మాత్రం ఏ తరగతి గదిలోనూ చెప్పలేదు. మీరు చదివేవాళ్లే గానీ నా ఎదురుగా కూర్చున్నవాళ్లు కారు కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను.

ఎనభైల నడుమ మాట. ఖమ్మంలో ఒక సాంస్కృతిక సంస్థ నాటక విభాగంలో నా ఉద్యోగం. కాగితం మీద నేను దుస్తుల సహాయకురాలిని. చేసే పని వేరు. రచయిత నాటకం రాస్తుండగానే నేను ఊళ్లు తిరిగి, ఆ మనుషులు ఏం కడతారు, ఏది ఎక్కడ చిరుగుతుంది, చిరిగితే ఏం చేస్తారు అని చూసొచ్చేదాన్ని. చూసొచ్చాక, నాటకంలో అబద్ధంగా ఉన్న చోట్లన్నీ రచయితతో కొట్లాడి మార్పించేదాన్ని. దీనికి ఇప్పుడు డ్రమటర్జీ అని పెద్ద పేరు పెట్టారు. అప్పట్లో మా దర్శకుడు దీన్ని "ఈవిడ నస" అనేవాడు.

మా దర్శకుడు కాలేజీలో తెలుగు లెక్చరరు. మనసున్న మనిషే. నాటకం దగ్గరకు వచ్చేసరికి మాత్రం, ఇల్లు తగలబడుతున్నా వెలుగు ఎటు నుంచి పడుతోందో చూసే రకం. ఆయన్ను ఆడిపోసుకోవడానికి నాకు నోరు లేదు, నేనూ అదే తాను ముక్కను.

ఆ ఏడు బొగ్గు బాయి మీద నాటకం వేస్తున్నాం. ఆ ప్రాంతంలో గనిని బాయి అంటారు. బాయిలోకి దిగిన కార్మికుడు తిరిగి రాడు. భార్య ఎదురుచూస్తుంది. కథ అంతే. చివర్లో ఆ భార్యకు మా రచయిత పేజీలకు పేజీలు ఏడుపు మాటలు రాశాడు. నేను కొత్తగూడెం కార్మికవాడల్లో తిరిగి తిరిగి వచ్చి, అదంతా కొట్టేయమన్నాను.

"ఆ ఆడవాళ్లు అంతసేపు మాట్లాడరండీ. ఏదో ఒక పని చేసుకుంటూ ఉంటారు. ఆమె చేత మొగుడి చొక్కా తీయించండి. దీపం ముందు పట్టుకుని, పాత మాసిక ఊడిందేమో చూసుకుని, మళ్లీ కుట్టనివ్వండి. ఒక్క మాట కూడా వద్దు" అన్నాను.

రచయిత చాలా రోజులు నాతో మాట్లాడటం మానేశాడు. దర్శకుడు మాత్రం కళ్లు మూసుకుని కాసేపు ఊహించుకుని, సరే అన్నాడు. అలా నాటకం బరువంతా ఒక చొక్కా మీద పడింది. ఇక ఆ చొక్కాను తెచ్చే బాధ్యత నాది.

బాయి చొక్కా అంటే మసి పూసిన చొక్కా అనుకునేరు. మసి ఉతికితే పోతుంది. బాయి మనిషి తల మీద దీపం ఉంటుంది, దాని బ్యాటరీ నడుముకు బెల్టుతో కట్టి ఉంటుంది. ఆ బ్యాటరీలోంచి యాసిడ్ కారి, చొక్కాకు వెనకవైపు నడుము దగ్గర చిల్లులు పడతాయి. పురుగు కొట్టినట్టే కనిపిస్తాయి గానీ, ఆ చిల్లుల అంచులు గోధుమరంగులో, ముట్టుకుంటే పొడి రాలేలా ఉంటాయి. నాకు అలాంటిది కావాలి. కార్మికులను అడిగితే, మాసిపోయిన అంగీ పరాయి ఆడమనిషి చేతిలో పెట్టుడేందని సిగ్గుపడి తప్పించుకున్నారు.

చివరకు అది నేను వెతకని చోట దొరికింది. వేరే నాటకం కోసం గొర్రెలు కాసేవాళ్ల గొంగళ్లు చూద్దామని అశ్వారావుపేట దాటి అడవి అంచు పల్లెల వైపు వెళ్లాను. బాట పక్కన ఒక మనిషి పశువులు మేపుతున్నాడు. అతను అటు తిరగగానే నేను అక్కడే ఆగిపోయాను. నీలం చొక్కా. వెనక నడుము దగ్గర అవే చిల్లులు. వాటిలో పెద్ద చిల్లుకు పచ్చ గుడ్డ మీద పసుపు పూలున్న ముక్కతో మాసిక, నల్లదారంతో చుట్టూ రెండు వరసల కుట్టు.

"బాయిలో పనిచేశావా?" అని అడిగాను.

"లేదమ్మా. సంతల కొన్న" అన్నాడు.

నా సంచిలో ఎప్పుడూ కొత్త చొక్కాలు ఉండేవి. ఒకటి తీసి ఇచ్చి, ఒంటిమీదిది ఇస్తావా అన్నాను. అతను కాసేపు తటపటాయించాడు. తర్వాత ఎడమచేత్తో గుండీలు విప్పాడు. కుడిచేతి వేళ్లు రెండు వంగడం లేదు. మనుషులను అలా గమనించడం మా వృత్తిలో అలవాటు, తప్పుగా అనుకోవద్దు. ఇచ్చే ముందు ఆ పూల మాసిక మీద బొటనవేలితో ఒకసారి రాశాడు. అది కూడా నేను వదల్లేదు. ఖమ్మం వచ్చాక రిహార్సల్లో మా నటికి చూపించి, "ఇదిగో, మాసిక మీద ఇలా రాయాలి" అని నేర్పాను. నాకు లాటరీ తగిలినంత సంబరం.

ఆ నాటకాన్ని కొత్తగూడెంలోనే మొదట వేయాలని దర్శకుడి పట్టు. బాయి మనుషుల ఎదుట నిలబడితే చాలు, ఇంకెక్కడైనా నిలబడుతుందన్నాడు. కార్మికుల క్లబ్బు మైదానంలో వేదిక కట్టారు. ఒకవైపు జంపఖానాల మీద ఆడవాళ్లు, పిల్లలు వేదికకు ఆనుకున్నంత దగ్గరగా కూర్చున్నారు. వాళ్ల వెనక కుర్చీల్లో ఆఫీసర్లు. మిగతా మైదానమంతా మగవాళ్లు.

పొద్దుగూకగానే మొదలుపెట్టాం. బాగా పోతోంది. చివరి సన్నివేశానికి వచ్చేసరికి పిల్లలు కూడా గొడవ ఆపేశారు. మా నటి ఖమ్మం టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం చేసే అమ్మాయి, నెమ్మదస్తురాలు. దండెం మీది చొక్కా తీసింది. వేదిక అంచుకు వచ్చి, లాంతరు ముందు పట్టుకుంది. పచ్చ గుడ్డ మీద పసుపు పూలు వెలుగులో స్పష్టంగా కనిపించాయి. బొటనవేలితో మాసిక మీద రాసింది.

జంపఖానాల మీద నుంచి ఒక ఆడమనిషి లేచి నిలబడింది.

"ఓ అమ్మా! గది నా మొగని అంగి!"

మైదానం మొత్తం చప్పట్లు కొట్టింది. అందరూ అది నాటకంలో భాగమే అనుకున్నారు. ఆమె అందరినీ తోసుకుంటూ వేదిక ఎక్కింది. నటి చేతిలోంచి చొక్కా లాక్కుని, లోపలి వైపుకు తిప్పి, ముడి వేసిన చోటు జనానికి చూపిస్తూ అరిచింది. "గీ మాసిక నేనే ఏసిన! నా చీర కొంగు చింపి ఏసిన! గిది ఏసుకునే పోయిండు! ఏడికెళ్లి తెచ్చిన్రు మీరు, ఏడికెళ్లి తెచ్చిన్రు?"

చప్పట్లు ఇంకా పెరిగాయి. ఈలలు కూడా వేశారు. అప్పుడు ఆడవాళ్లలోంచి ఎవరో, "నాటకం గాదుర, గామె మన దవాఖాన్ల ఆయా!" అని కేకేశారు. చప్పట్లు ముందు వరసల నుంచి వెనక్కి ఆగుతూ వెళ్లాయి. అంతమంది నోళ్లు మూసుకుంటే ఎలా ఉంటుందో నేను అంతకుముందు వినలేదు. కుర్చీల్లోంచి ఒక ఆఫీసరు లేచి నిలబడ్డాడు. మా దర్శకుడు తెర దించమని చేతులు ఊపాడు.

తెర వెనక, మాకు వేదిక ఏర్పాటు చేసిన క్లబ్బు పెద్దాయన నాకు సంగతి చెప్పాడు. ఆయన రిటైరైన ఫిట్టరు.

"గామె పెనిమిటి మా బాయిలనే బొగ్గు కొట్టే కోల్‌కట్టరమ్మా. కొన్నేండ్ల కింద భద్రాచలం పోయి, గోదాట్ల తానం చేస్తందుకు దిగి కొట్టుకపోయిండు. చెప్పులు, తువ్వాల ఒడ్డు మీదనే ఉన్నయ్. తర్వాత కింది రేవుల శవం తేలింది. ఉబ్బి గుర్తు పట్టకుంటయింది. గామెనే మా ఆయనే అన్నది. ఆడనే కట్టెలు పేర్చి కాలవెట్టినం. ఆయన జాగల గామెకు దవాఖాన్ల ఆయా నౌకరి ఇచ్చిన్రు. ఇద్దరు పిల్లలు. శవం మీద అంగి లేకుండె. గోదారి గుంజుకపోయిందనుకున్నం." ఆయన నా ముఖంలోకి చూశాడు. "గది నీళ్లల్ల పోయిన అంగి. మీకెట్ల దొరికిందమ్మా?"

నీళ్లలో పోయిన ఆ చొక్కాను నేను బతికున్న మనిషి ఒంటిమీద నుంచి తీసుకున్నాను. పట్టపగలు, నా కళ్లెదుటే గుండీలు విప్పి ఇచ్చాడు. సంతలో కొన్న చొక్కా మాసిక మీద ఎవరూ అలా బొటనవేలితో రాయరు; ఆ మనిషి చనిపోలేదు. ఆ సంగతి ఆ మైదానం మొత్తంలో నా ఒక్కదానికే తెలుసు.

"సంతలో కొన్నాను" అన్నాను. అతను నాకు చెప్పిన మాటే నా నోట్లోంచి వచ్చింది.

దర్శకుడు నన్ను పక్కకు లాక్కెళ్లాడు. "సంతలో కొన్న మొహం కాదది. చెప్పమ్మాయ్" అన్నాడు. చెప్పాను. విని, బట్టల ట్రంకు మీద కూలబడ్డాడు.

"ఎవరితోనూ అనకు" అన్నాడు చివరకు. "మొగుడు బతికి ఉన్నాడంటే ఆమె ఉద్యోగం ఏమవుతుంది? ఆఫీసరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, చూశావుగా. సంతలో కొన్నావు. అంతే."

నాకూ అదే సబబు అనిపించింది. తర్వాత ఆయన మెల్లగా, "ఆ చప్పట్లు విన్నావా? పై ఊళ్లలో కూడా మన అమ్మాయినే ఒకదాన్ని జనంలో కూర్చోబెట్టి ఇలాగే లేపితే..." అన్నాడు. నేను ఆయన వంక చూశాను. ఆయన మాట మధ్యలోనే ఆపేసి, రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. అంత సిగ్గుపడటం ఆయన్ను నేను అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

మర్నాడు పొద్దున మేము దిగిన బడికి ఆమె వచ్చింది. దవాఖానా చీరలోనే ఉంది, డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది. చొక్కా మడతపెట్టి చంకలో పెట్టుకుంది. రాత్రి అరిచిన మనిషేనా అనిపించేంత నెమ్మదిగా మాట్లాడింది.

"అక్కా, సంతల కొన్ననని చెప్పినవట. అమ్మినోడు ఎట్లుండె?"

"గుర్తు లేదమ్మా."

"గుండీలు ఎడమచేత్తోని ఇప్పిండా?"

నా ముఖం చూసి ఆమె అక్కడే గచ్చు మీద చతికిలబడింది.

"బాయిల రూఫు గూలి కుడిచేతి ఏళ్ల మీద పడ్డది" అంది. "పక్కపొంటి ఉన్న జోడీగాడు ఆడనే సచ్చిండు. గప్పటిసంది మా ఆయన ఎడమచేత్తోనే అన్ని." తర్వాత తలెత్తింది. "బతికిండా అక్కా?"

అవునన్నాను. ఇంకేం అనగలను? అన్నాక, దర్శకుడు చెప్పిందంతా నేనూ చెప్పాను. ఉద్యోగం పోతుందన్నాను, పిల్లలున్నారన్నాను, నిన్న పొరపాటున అరిచానని చెప్పుకోవచ్చన్నాను. ఆమె అంతా వింది. "తోలుకపో" అంది.

ఇద్దరం అశ్వారావుపేట బస్సెక్కాం. చండ్రుగొండలో బస్సు ఆగితే టీ తాగుదామన్నాను, ఆమె తల అడ్డంగా ఊపింది. దారి పొడుగునా ఆమె అడిగింది ఒక్కటే. "సన్నగైండా?" నాకు తెలియదన్నాను. మాసిక కుట్టు వరసలు కూడా గుర్తున్నాయి గానీ, మనిషి సన్నగా ఉన్నాడో లావుగా ఉన్నాడో నాకు గుర్తు లేదు.

అడవి అంచున అదే బాట పక్కన పశువుల దగ్గర దొరికాడు. నేనిచ్చిన కొత్త చొక్కా వేసుకుని ఉన్నాడు. భార్యను చూసి పారిపోతాడనుకున్నాను. పారిపోలేదు. ఉన్నచోటే కూర్చుండిపోయాడు. ఆమె కూడా కాస్త దూరంలో కూర్చుంది. తిడుతుందని, మీద పడి కొడుతుందని, కావలించుకుంటుందని నేను ఏవేవో అనుకుంటూ నిలబడ్డాను. నాటకాల మనుషులం కదా. అవేవీ జరగలేదు.

"పిల్లలు మంచిగున్నరా?" అన్నాడు.

"ఉన్నరు."

"భయమైందే" అన్నాడు. "బాయిల దిగుదమంటే కాళ్లు ఆడలే. పొద్దుగాల లేసుడు, బాయి మొగదల దాంక పోవుడు, మల్ల తిరిగొచ్చుడు. అందరు నవ్వవట్టిరి. సత్తమని గోదాట్ల దిగిన. సావ బుద్ధి గాలే. ఇంటికి రాను మొకం లేదు. ఇట్ల నడుసుకుంట వచ్చిన."

"నేను మాసికేసిన అంగి ఎందుకిచ్చినవ్?"

"దాన్ని పారేద్దమంటే చేతులు రాలే. అడిగేటోళ్లు అడిగిన్రు, పోనీ అనుకున్న." నా వైపు చూడకుండానే అన్నాడు. "నేను పోయిననుకుంటే నా జాగల నీకన్న నౌకరిస్తరనుకున్న."

"ఇచ్చిన్రు" అంది. "నిన్ను కాలవెట్టినంక ఇచ్చిన్రు."

అతనికి అర్థం కాలేదు. శవం దొరికిన సంగతి అతనికి తెలియనే తెలియదు. ఆమె చెప్పింది. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. అప్పటిదాకా తన మొగుడు బతికి ఉన్నాడా లేడా అన్నదే ఆమె మనసులో ఉంది, నా మనసులోనూ అంతే. దాని వెనక ఇంకో ప్రశ్న ఉందని మా ఇద్దరికీ అప్పుడే తట్టింది. ఆమె నా వైపు తిరిగింది. ఆ చూపు నేను ఏ నటి ముఖంలోనూ చూడలేదు.

"మరి నేను కాలవెట్టింది ఎవలినక్కా?"

మా వృత్తిలో అడిగే మొదటి ప్రశ్నే అడిగాను. "ఒంటిమీద ఏముంది?"

"ఏం లేకుండె. మొలతాడు ఒక్కటి. ఎర్రది." మొగుడి వైపు చూసింది. "ఈయన కట్టేది నల్లది. నేను గప్పుడే అన్న. నీళ్లల్ల నానితే రంగు మారుతదే, నోర్ముయ్యి అన్నరు పెద్దమనుషులు. ఊకున్న. నేను సుత నమ్మిన."

ఎర్రదారం నానితే వెలిసిపోతుంది. నల్లదారం ఎంత నానినా ఎర్రగా మారదు. రంగుల గురించి నాకు తెలిసినదంతా ఆ క్షణంలో ఎందుకూ కొరగానిదై నిలబడింది. ఆ మాట పైకి అనలేదు. ఆమెకు తెలుసు.

మొగుణ్ని ఆమె రమ్మనలేదు, రావద్దనలేదు. లేచి చీర దులుపుకుని బాట పట్టింది. తిరుగు బస్సులో చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "ఆ మనిషి ఇంటోళ్లు ఇంక ఎదురుసూస్తుంటరు గదా" అంది.

"ఉండొచ్చు."

"పోలీస్ స్టేషన్ల చెప్తె ఎవలన్న దొరుకుతరా?"

నేను హడలిపోయాను. ఆమెకు నచ్చజెప్పాను. స్టేషన్లో చెప్పడమంటే ఆఫీసులో చెప్పడమే, ఉద్యోగం పోతుంది, క్వార్టరు పోతుంది, నువ్వు దొంగతనంగా ఉద్యోగం సంపాదించావని కూడా అంటారు అన్నాను. పోయినవాడు ఎలాగూ పోయాడు, ఎవరో ఏమిటో కూడా తెలియదు, నీ పిల్లల మొహం చూడమన్నాను. చదువుకున్నదాన్ని, నాలుగు ఊళ్లు తిరిగినదాన్ని, మనుషుల గురించి తెలుసని చెప్పుకు తిరిగేదాన్ని. నేనిచ్చిన సలహా అదీ.

"నాకు ఒక శవమన్న దొరికింది అక్కా" అంది. "ఆమెకు గది సుత లేదు."

ఆమెకు అంటే ఎవరికి? అప్పటికే ఆమె మనసులో ఎక్కడో ఒక ఆడమనిషి గుమ్మంలో కూర్చుని ఉంది.

ఆమె వెళ్లి చెప్పేసింది. మొగుణ్ని పిలిపించారు, అతను వచ్చి వాంగ్మూలం ఇచ్చాడు. చొక్కా సాక్ష్యంగా స్టేషన్‌కు పోయింది. నన్ను కూడా పిలిచి, ఎక్కడ, ఎవరి దగ్గర తీసుకున్నావని అడిగారు. అబద్ధం చెప్పి ఉద్యోగం తీసుకున్నావని ఆమెను ఎవరూ జైల్లో పెట్టలేదు, అంత మేలు. ఉద్యోగం మాత్రం తీసేశారు. మొగుడు వాంగ్మూలం ఇచ్చి మళ్లీ అడవి అంచుకే వెళ్లిపోయాడని విన్నాను. మేము ఆ నాటకం మళ్లీ ఆడలేదు. వేరే చొక్కాతో ఆడదామని రచయిత అన్నాడు గానీ, మా టెలిఫోన్ అమ్మాయి ఆ వేషం ఇక వేయనని ఖరాఖండిగా చెప్పింది. దర్శకుడు బలవంతపెట్టలేదు.

పిల్లలూ, నిజం బట్ట కావాలని ఊళ్ల మీద పడతారు మీరు. పడండి, తప్పులేదు. నేను కూడా ఆ తర్వాత అలాగే తిరిగాను. కాకపోతే ఒంటిమీది చొక్కా అడిగే ముందు మనిషి ముఖం చూసి నాలుగు మాటలు మాట్లాడటం నేర్చుకున్నాను. అంతకుమించి నా దగ్గర సిద్ధాంతమేమీ లేదు.

ఆమె క్వార్టరు ఖాళీ చేసే రోజు నేను వెళ్లాను. మా నాటకం వల్లనే కదా అన్న బాధ, వెళ్లకుండా ఉండలేకపోయాను. సామాన్లు గోనెసంచుల్లో కడుతోంది. నేను గిన్నెలు సర్దుతున్నాను. అప్పుడు వాకిట్లోకి ఇద్దరు వచ్చారు. ఒక ముసలామె, ఆమె ఊరి మనిషి ఒకతను. గోదావరి ఎగువన అడవిలో ఎక్కడో వాళ్ల పల్లె. పోలీసులు ఊళ్లకు కబురు పంపితే విని, దారి కనుక్కుంటూ వచ్చారట. ముసలామెకు తెలుగు సరిగా రాదు, వాళ్ల భాష వేరు. అతను చెప్పాడు. ఆమె కొడుకు వెదురు బొంగుల తెప్ప మీద కిందికి పోయాడు. తెప్ప చేరింది, మనిషి చేరలేదు. ఎక్కడికో పనికి పోయి ఉంటాడని తెప్పల మేస్త్రీ చెప్పాడు. ఆమె నమ్మింది. ఇన్నేళ్లూ వస్తాడనే అనుకుంటోంది.

ముసలామె తన నడుము మీద చెయ్యి పెట్టి, "ఎర్రదా?" అని అడిగింది.

"ఎర్రది" అంది ఆయా.

ముసలామె గోడకు ఆనుకుని నెమ్మదిగా కూర్చుంది. ఆయా కూడా సంచి వదిలేసి ఎదురుగా కూర్చుంది. క్షమించమని అంటుందేమో, తెలియక చేశానని చెప్పుకుంటుందేమో అని నేను చూస్తున్నాను. ముసలామె ఆమెకు ఆ అవకాశమే ఇవ్వలేదు. వచ్చీరాని తెలుగులో, ఒక్కొక్క మాటే కూడగట్టుకుని అడిగింది.

"నీళ్లు... ఎవలు పోసిన్రు?"

"నేనే పోసిన అమ్మా."

"నిప్పు?"

"నా కొడుకు వెట్టిండు. పసిపోరడు. ఎవలో చెయ్యి వట్టి పెట్టిచ్చిన్రు."

ముసలామె తల ఊపింది. నేను గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"ఏడ్చినవా?"

"ఏడ్చిన అమ్మా. మస్తు ఏడ్చిన. నా మొగడే అనుకొని ఏడ్చిన. నీ కొడుకని నాకు తెల్వది."

ముసలామె చెయ్యి చాపి ఆమె మోకాలి మీద వేసింది.

"ఎవలనుకొని ఏడిస్తేంది బిడ్డా. వాని పక్కన కూసోని ఏడ్చినవు గదా" అంది. అప్పుడు తను ఏడవడం మొదలుపెట్టింది.